ఎండ పంట

రాయలసీమలోనో, తెలంగాణ మెట్ట ప్రాంతములలోనో బోరు క్రింద సేద్యము చేసిన పెద్దలలో ‘రాత్రి కరెంటు’ అన్నమాట చెవిని పడినంతనే నొసలు చిట్లింపనివారు అరుదు. పగలెల్ల పట్టణములకును కర్మాగారములకును ప్రవహించిన విద్యుత్తు లోకము నిద్రించిన పిదప పొలమునకు వచ్చెడిది. ఎప్పుడు వచ్చునో, వచ్చి ఎంతసేపు నిలుచునో యెఱుగని రైతు, చేత టార్చిలైటు పట్టుకొని, గట్టుమీది పాములకు వెఱచుచు, మడికి నీరు కట్టబోయెడివాడు. ఆ జాగరణ మోర్వలేకయే మోటార్లకు ఆటో స్టార్టర్లు తగిలించుట వాడుకయైనది; తగిలించిన పిదప, కరెంటు వచ్చిన క్షణముననే ఊరి మోటార్లన్నియు ఒక్కపెట్టున తిరుగనారంభించుటచే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవుటయు, దానిని మరమ్మతు చేయించుటకు రైతులు చందాలు వేసికొనుటయు మఱియొక వాడుకయైనది.

ఈ చరిత్ర తెలిసినవారికి సౌర పంపుయొక్క ప్రథమగుణమును గూర్చి వ్యాఖ్యాన మక్కఱలేదు: అది పగలే పనిచేయును. పలకలమీద పడిన ఎండ విద్యుత్తుగా మాఱి, కంట్రోలరు గుండా మోటారును చేరును. నడుమ బ్యాటరీ యుండదు, ఉండ నక్కఱయు లేదు. ఏలయన విద్యుత్తును దాచుటకన్న నీటిని తోడి తొట్టిలో నిలుపుట సులభము, చౌకయును. ఉదయము సన్నధార, మధ్యాహ్నము నిండుధార, ప్రొద్దు వాలగా మరల సన్నధార. స్టార్టరు నొక్కినంతనే ఒకేతీరున ఎగజిమ్ము నీటికి అలవడిన రైతునకు ఇది మొదట కొంత లోపముగనే తోచును. స్థూలముగా ఒక హెచ్.పి.కి ఒక కిలోవాటు చొప్పున పలకలు కావలయును. మండువేసవి వానికి పండుగ యనుకొనుట మాత్రము పొరపాటు. వానికి కావలసినది వెలుతురే గాని వేడిమి కాదు. పలక 25 డిగ్రీలకు మించి వేడెక్కిన కొలదిని, డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతము చొప్పున దాని శక్తి క్షీణించును. రోళ్లు పగులు రోహిణీకార్తెలో పలకయు నీరసించునన్నమాట. పైగా ఎఱ్ఱనేలల దుమ్ము. దానిని తుడుచుట కలుపుతీతవలెనే మానరాని పని.

ఇక ధనము మాట. 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పి.ఎం. కుసుమ్ పథకమున, విద్యుల్లైను చేరని పొలములందు నెలకొల్పు సౌర పంపునకు, 7.5 హెచ్.పి. పరిమితికి లోబడి, నిర్ణీత వ్యయములో నూటికి 30 వంతులు కేంద్రమును, కనీసము 30 వంతులు రాష్ట్రమును భరింపవలెననియు, మిగిలిన 40 రైతు వంతనియు, అందు 30 వఱకు బ్యాంకు ఋణముగా పొందవచ్చుననియు ఏర్పాటు చేసిరి. అనగా రైతు చేతినుండి తక్షణము వెడలవలసినది పదవవంతు మాత్రమే. కాగితముమీద ఈ లెక్క ముచ్చటగా నున్నది. కాని బ్యాంకు గడప యెక్కుటకు పట్టాదారు పాసుపుస్తకము కావలయును. కౌలురైతునకు అది యెక్కడిది? పొలము యజమానిది, చెమట కౌలుదారునిది అయినచోట, పాతిక యేండ్లు నిలుచు పలకలను ఏటేటి కౌలుమీద బ్రతుకువాడు ఎవరి నేలలో పాతగలడు? సహాయమంతయు భూస్వామ్యపత్రమును వెన్నంటి నడచినంతకాలము, దానికి మిక్కిలి పాత్రుడైనవాడే దానికి మిక్కిలి దూరముగ నుండును.

ఐనను రాజస్థాన్, హర్యానా, మహారాష్ట్రములయందు ఈ పంపులు విరివిగా వ్యాపించినవి. తెలుగునాట ఆ వేగము కానరాదు. కారణము వెదుక నక్కఱలేదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తుమీదనే చేసెను. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటల ఉచిత సరఫరా మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో పగటివేళ తొమ్మిదిగంటల సరఫరా విధానమైనది. ఊరక వచ్చు కరెంటు గడపలో నుండగా, పదవవంతేయైనను చేతిసొమ్ము పెట్టి ఎండను కొనుమన్న, ‘నాకేమి పట్టినది?’ అని రైతు అడుగును. ఆ ప్రశ్నలో తప్పులేదు. డీజిలు కాల్చి నీరు తోడు మహారాష్ట్ర రైతునకు సౌర పంపు ఋణవిమోచనము. మనవానికి అది ఉన్న సౌఖ్యమునకు మఱియొక ప్రత్యామ్నాయము మాత్రమే.

ఇంతకన్న లోతైన చిక్కు భూమి అడుగున నున్నది. డీజిలు ధర యొక పగ్గము. కరెంటు కోత యొక పగ్గము. ఎండకు ఏ పగ్గమును లేదు. ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు అనంతపురమువంటి సీమలో, బోరుపై బోరు వేసి, చీనీతోటను బ్రతికించుకొనుటకు అప్పులపాలైన కుటుంబములెన్నియో కలవు. అట్టిచోట ప్రతిగంటకును ఖర్చులేని పంపును బిగించిన, పాతాళగంగ నింకను శీఘ్రముగ అడుగంటించుటయే యగును. బోర్ల నడుమ దూరమును నియమించు వాల్టా చట్టము 2002 నుండియు నున్నను, మోటారు ఎన్నిగంటలు తిరుగవలెనో చెప్పు చట్టము లేదు. జలము సన్నగిల్లిన మండలములలో క్రొత్త సౌర పంపులకు సహాయమీయరాదనియు, ఉన్న డీజిలు పంపును మార్చుకొనువానికే, అదియు సూక్ష్మసేద్యము పాటించినచో ఈయవలెననియు పథకకర్తలు నియమము పెట్టినారు. వివేకవంతమైన నియమమే, కాని అది ద్వారమునొద్ద నిలిచినదేగాని, పంపు బిగిసిన పిదప దానివెంట పొలములోనికి రాలేదు.

గుజరాతులో ఖేడా జిల్లా ఢూండి గ్రామమున 2016లో మొదలైన ప్రయత్నము నన్ను ఆకర్షించుట ఇందువలననే. అంతర్జాతీయ జలయాజమాన్య సంస్థవారి ప్రోద్బలముతో అచటి ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘముగ నేర్పడి, మిగులు విద్యుత్తును డిస్కమునకు యూనిట్టు 4 రూపాయల 63 పైసలకు అమ్ముకొనునట్లు పాతిక యేండ్ల ఒప్పందము చేసికొనిరి. సంస్థవారు మొదట దానిపై కొంత ప్రోత్సాహకమును గూడ జతచేసిరి. పంపు ఏడాదిలో పెక్కుదినములు ఊరకుండును. పలకలు ఎన్నడును ఊరకుండవు. ఆ వ్యర్థమగు ఎండకు వెల కట్టినంతనే, అక్కఱలేని నీటిని తోడుట రైతునకు తన సంచిలోని సొమ్మును మడిలో పారబోయుటయైనది. నీటిమీద కావలిని సర్కారు గాక, రైతు లోభమే కాచునట్లు చేసిన ఈ ఉపాయము నా దృష్టిలో ఏ సబ్సిడీకన్నను ఘనమైనది.

ఐతే ఢూండి రైతులు దానికి ప్రతిగా చౌక కరెంటు కనెక్షను నడుగు హక్కును ఆ పాతిక యేండ్లకును వదులుకొనిరి. మన రైతు చేతిలో నున్నది చౌక కరెంటు కాదు, ఉచితము. దానిని వదులుకొమ్మని కాగితము ముందుంచువారు ముందుగా ధర పలుకవలెను. ఆ ధర యూనిట్టు నాలుగు రూపాయలకు లోపైనచో, అనంతపురపు చీనీరైతు కలము పట్టడనియే నా యంచనా.