పంటు దాటితేనే పట్టా!

కాలేజీ చదువుల్లో అమ్మాయిలు అబ్బాయిల్ని దాటేశారు... దేశం లెక్క అది. మన రాష్ట్రం లెక్క వేరు. ఎందుకో తెలియాలంటే గోదారి చివరి రేవు దాకా వెళ్లి చూడాలి.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అంతర్వేది. భీష్మ ఏకాదశినాడు నరసింహస్వామి రథం కదిలిందంటే ఇసకేస్తే రాలనంత జనం. తీర్థం ముగిశాక ఊరు మళ్లీ కొబ్బరితోటలదీ, రొయ్యల చెరువులదీ, వేటకెళ్లే పడవలదీ. ఇక్కడ ఇంటర్ పాసైన పిల్లకి డిగ్రీ కావాలంటే ఇటు మలికిపురం, రాజోలు. లేదంటే ఏటికి అవతల నరసాపురం. అక్కడ 1949 నాటి వై.ఎన్. కాలేజీ ఉంది, ఊరి శివార్లలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. కానీ ముందు సఖినేటిపల్లి రేవుకు చేరాలి, పంటెక్కాలి, అవతలి గట్టున దిగి మళ్లీ ఆటో చూసుకోవాలి. వరదొస్తే పంటు కట్టేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాల్సిందే.

అబ్బాయికైతే ఇదేమంత సమస్య కాదు. బండి తీస్తాడు, రాత్రయితే స్నేహితుడి గదిలో పడుకుంటాడు. అమ్మాయి విషయానికొచ్చేసరికి ఇంట్లో మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు, 'సాయంత్రం ఎన్నింటికొస్తావమ్మా?' అని. ప్రాక్టికల్స్ ఉన్న కోర్సయితే చీకటి పడుతుంది. దాంతో నచ్చిన కోర్సు పక్కకి పోయి దగ్గర్లోని కాలేజీ ముందుకొస్తుంది.

ఇది పల్లెటూరి భయమని కొట్టిపారేయకండి. ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థినులపై గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలోనూ తేలిందదే. దారి భద్రంగా ఉంటుందనుకుంటే, మంచి ర్యాంకున్న కాలేజీని వదులుకుని తక్కువ ర్యాంకు దాంట్లో చేరడానికీ అమ్మాయిలు సిద్ధపడుతున్నారట. రాజధానిలో మెట్రో ఉండీ ఈ పరిస్థితి అయితే పంటు మీద ఆధారపడ్డ ఊళ్ల సంగతి చెప్పేదేముంది!

ఇక అంకెలు. ఉన్నత విద్యపై కేంద్రం చేసే సర్వే ప్రకారం 2018-19లో తొలిసారి దేశంలో అమ్మాయిల చేరిక నిష్పత్తి (26.4) అబ్బాయిల నిష్పత్తిని (26.3) దాటింది. 2021-22కి అది 28.5, 28.3. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2019-20లో అబ్బాయిలు 38 శాతం ఉంటే, అమ్మాయిలు 32 దగ్గరే ఆగారు. మొత్తం చేరికల్లో దేశం కంటే ముందున్న రాష్ట్రం ఈ ఒక్కచోట వెనకబడింది. మనకు మోజెక్కువైన ఇంజినీరింగ్‌లో దేశవ్యాప్తంగానే అమ్మాయిలు ముప్ఫై శాతంలోపు.

అలాగని ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. వృత్తివిద్యా కోర్సుల్లో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు కేటాయించారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఫీజు మీద పెట్టినంత దృష్టి దారి మీదా, హాస్టల్ మీదా పెట్టలేదు, అంతే.

హాస్టల్ గొడవ కొత్తదేం కాదు. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన దుర్గాబాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ చదువుతానని వెళ్తే ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి కుదరదన్నారు ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. ఆమె ఊరుకోలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలుంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన వేయించారు. వచ్చినవాళ్లంతా కలిసి తామే ఓ వసతి ఏర్పాటు చేసుకుని సీట్లు సంపాదించారు. 1958లో జాతీయ మహిళా విద్యా సంఘానికి అధ్యక్షురాలయిందీ ఆవిడే.

ఈ తీరంలో ఇప్పుడు మరో తరం తల్లులున్నారు. కువైట్, దుబాయ్‌ ఇళ్లలో పనిచేసి డబ్బు పంపుతున్నవాళ్లు. ఒంటరిగా సముద్రం దాటినవాళ్లు. సెలవుకి ఇంటికొచ్చాక, కూతురు రోజూ గోదారి దాటి వెళ్లొచ్చే సంగతి తేల్చాల్సింది మాత్రం వాళ్లే.