కొలని అడుగున పాకు యంత్రము

తనదంటూ మోటారు లేక, విద్యుత్తు తీగ లేక, నీటిని పీల్చు గొట్టమొక్కటే ఆధారముగా, ఈతకొలని అడుగునను గోడలమీదను గంటల తరబడి తిరిగి, ఇసుకను, ఆకులను, నాచు పొడిని తానే ఏరివేయు చిన్న యంత్రము గత అర్ధశతాబ్దిగా లోకమున వాడుకలో నున్నది. దాని జన్మభూమి దక్షిణాఫ్రికా. జొహన్నెస్‌బర్గునకు తూర్పున, బంగారు గనుల మూలమున పెరిగిన స్ప్రింగ్స్ పట్టణమున, బెల్జియన్ కాంగోనుండి 1951లో ఆ దేశమునకు వచ్చి స్థిరపడిన ఫెర్డినాండ్ షోవియే అను జలయంత్రముల ఇంజనీరు, 1974లో దీనికి రూపమిచ్చెను. క్రీపీ క్రాలీ అను పేరుతో అది ప్రసిద్ధమయ్యెను. 1984లో అమెరికాలోని డేటోనా 24 గంటల కారు పందెమును గెలిచిన దక్షిణాఫ్రికా జట్టు ఈ పేరుతోనే బరిలో దిగెననిన, అప్పటికి దాని కీర్తి ఎంతదూరము వ్యాపించెనో ఊహింపవచ్చును.

అంతకు పూర్వము కొలను శుభ్రపరచుట యనగా, పొడవైన కఱ్ఱ కొసకు పీల్చుడు తలను తగిలించి, ఒడ్డున నిలిచి, అడుగునంతయు ఈ చివరనుండి ఆ చివరకు మెల్లమెల్లగా నెట్టుటయే. ఏమాత్రము తొందరపడినను మడ్డి లేచి నీరంతయు కలకబారును. ఆ పనిని యంత్రముచే చేయింపవలెనన్న యత్నములు అదివరలో లేకపోలేదు గాని, షోవియే చూపిన ప్రతిభ వేరు. ఇతర ఇంజనీర్లు శత్రువుగా తలచి భయపడు ఒక ప్రకృతి ధర్మమునే ఆయన తన యంత్రమునకు చోదకశక్తిగా నియమించెను.

పంపు నీటిని లాగుచున్నదని వాడుకగా అందుము గాని, అది చేయునదెల్ల గొట్టములోని పీడనమును తగ్గించుట మాత్రమే. కొలని ఉపరితలముపై నిలిచిన వాయుమండలపు భారమే నీటిని ఆ తక్కువ పీడనము వైపునకు నెట్టును. ఆ నీరు పోవు దారిలో, యంత్రపు కడుపున, రెండు సన్నని మార్గముల నడుమ, కీలుపై ఊగు నాలుకవంటి ముక్క యొకటి యుండును. ఏ మార్గమున నీరు వడిగా పరుగెత్తునో అచ్చట పీడనము తగ్గి, నాలుక అటు లాగబడి ఆ మార్గమునే మూయును. మూసినంతనే ప్రవాహము రెండవ మార్గమును పట్టును, నాలుకయు దానిని వెంబడించును. తరువాత వచ్చిన బారాకూడా మొదలగు యంత్రములలో ఈ నాలుకకు బదులు, ముడుచుకొనుచు విచ్చుకొనుచునుండు ఒక రబ్బరు పొర కలదు.

ఇక లెక్క చూడుడు. 38 మిల్లీమీటర్ల వ్యాసము, 10 మీటర్ల పొడవు గల గొట్టములో సుమారు 11 లీటర్ల నీరు పట్టును. పంపు గంటకు 8,000 లీటర్లను త్రిప్పుచున్నచో ఆ నీరు సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగముతో కదలుచుండును. 11 కిలోల బరువుతో అట్లు పరుగెత్తుచున్న నీటి స్తంభమును నాలుక మాటిమాటికి అడ్డగించినపుడెల్ల, జడత్వముచేత ఆ నీరు గొట్టమును ఒక్క కుదుపు కుదుపును. కొళాయిని హఠాత్తుగా కట్టినపుడు గోడలోని గొట్టమును ఠంగుమనిపించు జలాఘాతము ఇదియే. ఆ కుదుపుతోనే, యంత్రపు క్రింద నేలను కరచియున్న రబ్బరు పళ్ళెము పట్టు ఒకింత సడలి, యంత్రము కొద్దిగా ముందుకు జరుగును.

ఈ మర్మము తెలిసినవాడు, యంత్రము నిలిచిపోయినంతనే దానిని విప్పి భాగములను మార్చుటకు పూనుకొనడు. వాయుమండలము ఇచ్చు ఒత్తిడి ఎంత గొప్పదైనను సుమారు 10 మీటర్ల నీటి ఎత్తుకు మించదు. దారిలోని ప్రతి అడ్డంకియు అందులో కొంత భక్షించును. అందుచేత యంత్రమును గొట్టమునుండి వేరుచేసి, పంపును నడపి, కొలనులోనికి తిరిగివచ్చు నీటి ధారలను చూడవలెను. అప్పుడును ధారలు బలహీనముగా నున్నచో దోషము యంత్రమున లేదు: వడపోత పాత్రలోని ఇసుక మురికితో బిగిసియుండవచ్చును, లేదా పంపు ముందరి బుట్ట ఆకులతో నిండియుండవచ్చును.

ధారలలో ఎడతెగక బుడగలు వచ్చుచున్నచో ఎచ్చటనో గాలి దూరుచున్నదని గుర్తింపవలెను. గొట్టములో పీడనము తక్కువగుటచే చీలికనుండి నీరు బయటికి కారదు, గాలియే లోపలికి పోవును; కనుకనే ఆ చీలిక కంటికి దొరకదు. నీటిపై తేలు గొట్టమును ఒక్కొక్క అతుకు చొప్పున చేతితో నీట ముంచుచు పోయినచో, ఏ అతుకు మునిగినపుడు బుడగలు ఆగునో అదియే దోషస్థానము. నీటిమట్టము, ఉపరితలపు నీటిని పీల్చు స్కిమ్మరు నోటికి నడుమ వరకైనను లేకున్నను ఇదే కష్టము కలుగును. గొట్టమును నీటితో నింపకయే తగిలించినచో అందలి గాలియంతయు పంపులోనికి పోయి, అది నీటిపట్టు తప్పి ఊరక తిరుగును.

యంత్రము లేనపుడు ధారలు బలముగా నుండి, తగిలించినంతనే చచ్చుబడినచో, అప్పుడు దానిని బోర్లించి చూడవలెను. చిటికెనవ్రేలి గోరంత గులకరాయి నాలుక ప్రక్కన ఇరుకుకొన్నను చాలును, ఊగుట నిలిచిపోవును. దానిని తీసినంతనే నాలుక మరల ఊగు టకటకలు వినవచ్చును. యంత్రము కదలుచునే ముక్కు పైకెత్తి శుభ్రమైన నీటినే పీల్చుచున్నచో, గొట్టముపై నమర్చిన చిన్న బరువును అంగుళ మాత్రము జరిపి చూడవలెను. ఎప్పుడును ఒకే మూలకు పోయి చిక్కుకొనుచున్నచో, తిరిగివచ్చు ధారయే గొట్టమును అటు త్రోయుచుండునేమో గమనించి, దాని ముఖమును క్రిందికి త్రిప్పవలెను.

ఈతకు దిగువారున్నపుడు యంత్రమును తీసివేయుట తప్పనిసరి. తీసిన గొట్టమును చుట్టచుట్టి మూలనుంచు అలవాటును మాత్రము మానవలెను. ప్లాస్టిక్కు ఆ వంపును పట్టుకొని, మరునాడు యంత్రమును ఒకే వలయములో త్రిప్పుచుండును. అట్లు వంపు పడిన ముక్కలను విడదీసి ఎండలో తిన్నగా పరచినచో, అవి మెత్తబడి మరల తిన్ననగును.