డివిడెండు మీ చేతికి వచ్చేలోపు

షేర్లూ డివిడెండ్లూ మగవాళ్ళ గొడవ అనుకుని ఆ కాగితాలు బీరువాలో పడేస్తాం. కానీ షేర్లు మీ పేరున వున్నప్పుడు వాటి పన్ను సంగతి కూడా మీరే తెలుసుకోవాలి కదండీ!

కంపెనీకి నూరు రూపాయలు లాభం వచ్చిందనుకోండి. ముందు కంపెనీ తన ఆదాయప్పన్ను కట్టాలి. 2019లో తెచ్చిన తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీకైనా సర్‌ఛార్జీ, సెస్సూ కలిపి పాతిక రూపాయల పైచిలుకు పోతుంది. మిగిలిన 75 రూపాయల్నీ డివిడెండుగా పంచితే, అది మళ్ళీ మీ ఆదాయం కింద లెక్క. 30 శాతం పన్ను కట్టేవాళ్ళకి సెస్సుతో కలిపి ఇంకో 23 రూపాయలు పోతాయి. చివరికి మిగిలేది 52 లోపే. ఒకే పాల మీద రెండుసార్లు మీగడ తీసినట్టు!

1997 నుంచి, మధ్యలో ఒక ఏడాది తప్పించి, 2020 మార్చి దాకా ఈ రెండో పన్ను కూడా కంపెనీయే కట్టేసేది. మన చేతికొచ్చిన దానిమీద మళ్ళీ పన్ను లేదు (ఏడాదికి 10 లక్షలు దాటి అందుకునేవాళ్ళకి మాత్రం 2016లో విడిగా పెట్టారు). వినడానికి బాగానే వుంటుంది గానీ, లక్షాధికారికీ, పది షేర్లున్న ఇల్లాలికీ ఒకటే కోత! ఇప్పుడు ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్ళకి. చిన్న ఆదాయం వున్న ఆడవాళ్ళకి ఇదే నయం అంటాను నేను.

అయితే ఆ మేలు దానంతటది దక్కదు. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చే డివిడెండు 10 వేలు దాటితే 10 శాతం పట్టుకుని మిగతాది పంపుతారు. పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం. మీ మొత్తం ఆదాయం మీద పన్నే పడనప్పుడు, ఆ మాట ముందుగా డిక్లరేషన్ ఫారంలో రాసిస్తే పట్టుకోరు. ఇవ్వలేకపోయినా ఫరవాలేదు, రిటర్ను దాఖలు చేస్తే పట్టుకున్నది వెనక్కి వస్తుంది. కంపెనీ తన లాభం మీద కట్టింది మాత్రం రాదు లెండి.

ఇక్కడో మెలిక వుంది. మీవారు డబ్బిచ్చి మీ పేరున షేర్లు కొన్నారనుకోండి. డివిడెండు మీ ఖాతాలో పడినా, పన్ను లెక్కలో అది ఆయన ఆదాయమే. పుట్టింటివాళ్ళిచ్చిన డబ్బుతోనో, కుట్టుపనో ట్యూషన్లో చేసి మీరు సంపాదించుకున్న దాంతోనో కొన్నవైతే అది మీదే. అందుకని ఈ రెండు రకాల డబ్బూ ఒకే ఖాతాలో కలిపేయకండి. పుట్టింటి సొమ్ము ఎప్పుడు, ఏ చెక్కు మీద వచ్చిందో, దాంతో ఏ షేర్లు కొన్నారో ఓ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు ఆడిటరుగారు అడిగితే చూపించవచ్చు.