జ్వరంతో ఉన్న బిడ్డను డే కేర్‌లో వదలవచ్చా? ఆయాకూ తల్లికీ మధ్య తెగని తగవు

పర్సుడీహ్ (జంషెడ్‌పూర్): బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉంది. తల్లి పనికి వెళ్లాలి. బిడ్డను చూసుకునే ఆయా ఇంట్లో మరో నలుగురు పసివాళ్లున్నారు. బిడ్డను దించి వెళ్లాలా, వెనక్కి తీసుకుపోవాలా అన్నది గుమ్మం దగ్గరే, రెండు నిమిషాల్లో తేలాలి. వానాకాలంలోనూ చలికాలం మొదట్లోనూ ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ముందుగా మాట్లాడుకుని ఉండకపోతే అది తగవుగా మారుతుంది.

టాటానగర్ రైల్వేస్టేషన్‌కు దక్షిణంగా ఉన్న పర్సుడీహ్‌లోనూ, దాని పరిసరాల్లోనూ రైల్వే, ఉక్కు పరిశ్రమలపై ఆధారపడి జీవించే కుటుంబాలు ఎక్కువ. జంషెడ్‌పూర్ తెలుగువారికి రైల్వేతో పాత బంధమే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు డివిజన్, టాటానగర్ రెండూ ఆగ్నేయ రైల్వే పరిధిలోనే ఉండేవి. ఉద్యోగరీత్యా స్థిరపడిన ఇటువంటి కుటుంబాలకు బిడ్డను చూసుకోవలసిన అమ్మమ్మ, నాయనమ్మ తరచుగా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటారు. వారి స్థానాన్ని పొరుగింటి ఆయా లేదా చిన్న డే కేర్ భర్తీ చేస్తుంది.

ఇళ్లలో నడిచే ఇటువంటి ప్రైవేటు సంరక్షణకు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టమేదీ లేదు. కనుక జబ్బుపడిన బిడ్డ విషయంలో నియమం ఏమిటన్నది ఆయాకూ తల్లిదండ్రులకూ మధ్య కుదిరిన మాటే. చాలాచోట్ల ఆ మాట కూడా ఉండదు.

తగవులో ఇరుపక్షాలకూ న్యాయముంది. ఒక బిడ్డ విరేచనాలు రెండు రోజుల్లో మిగతా అందరికీ, ఆపై ఆయా సొంత పిల్లలకూ పాకవచ్చు. ఆమె మంచం పడితే ఆ ఇంట్లో పనే ఆగిపోతుంది. తల్లి పక్షాన చూస్తే, ఐదేళ్లలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. పదిమందిలో తిరిగే పిల్లలకు ఇంకా ఎక్కువ. ముక్కు కారిన ప్రతిసారీ ఇంట్లో ఉంచాలంటే ఏ ఉద్యోగమూ నిలవదు. నిజానికి ఉంచనవసరం లేదు. జ్వరం లేని జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్న బిడ్డ ఆడుతూ, తింటూ ఉంటే దూరంగా ఉంచినందువల్ల ఇతరులకు ఒరిగేది తక్కువ. లక్షణాలు బయటపడకముందే అవి సోకి ఉంటాయి.

అసలు చిక్కు పారాసిటమాల్ దగ్గర వస్తుంది. ఉదయం ఏడింటికి సిరప్ తాగించి ఎనిమిదింటికి దించితే బిడ్డ ఒళ్లు చల్లగానే ఉంటుంది. మందు ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలే. మధ్యాహ్నానికి జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు ఆయాకు తాను మోసపోయానన్న భావన కలుగుతుంది. అయితే నమ్మకం దెబ్బతినడం కంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. ఉదయం వేసిన మోతాదు సంగతి తెలియక ఆమె తొమ్మిదింటికే మరోసారి మందు పోయవచ్చు. బజారులో పిల్లల పారాసిటమాల్ ఒకే బలంతో దొరకదు. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సీసా ఉంది, 250 మిల్లీగ్రాముల సీసా ఉంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి. ఒక సీసా కొలతతో మరో సీసా మందు పోస్తే కాలేయానికి ముప్పు. ఎంత, ఎన్నింటికి వేశారో కాగితంపై రాసి ఇవ్వడం, రాతపూర్వకంగా చెప్పనిదే ఆయా ఏ మందూ వేయకపోవడం కనీస జాగ్రత్త. ఇంగ్లండులో రిజిస్టరైన శిశు సంరక్షకులకు ఇది చట్టబద్ధమైన నిబంధనే. పిల్లలు జబ్బుపడితే ఏం చేస్తారో తల్లిదండ్రులతో ముందే చర్చించి ఉండాలని కూడా అక్కడి నియమావళి చెబుతుంది.

ఏ జబ్బుకు ఎన్నాళ్లు అన్న విషయంలో వైద్యులు పాటించే గడువులు చాలావరకు స్థిరపడ్డవే. వాంతులు, విరేచనాలైతే చివరిసారి అయ్యాక 48 గంటలు ఆగాలన్నది ఇంగ్లండులో అమలయ్యే లెక్క. తట్టుకు దద్దుర్లు కనిపించిన తర్వాత నాలుగు రోజులు, గవదబిళ్లలకు వాపు మొదలైన తర్వాత ఐదు రోజులు. జ్వరానికి, మందు వేయకుండానే 24 గంటలు ఒళ్లు మామూలుగా ఉండాలని చాలా కేంద్రాలు కోరతాయి. ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఆగాలి. తలంటు పోసేవరకు బిడ్డను గడప దాటనివ్వని తెలుగు ఇళ్ల ఆచారం ఇక్కడ వైద్యశాస్త్రంతో దాదాపు ఏకీభవిస్తుంది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే ఆటలమ్మ అంటుకుంటుంది గనుక, ఆలస్యంగా తెలిసినందుకు తల్లినో ఆయానో నిందించడంలో అర్థం లేదు. అయితే తెలిసిన వెంటనే మిగతా తల్లిదండ్రులకు చెప్పాలి. గర్భిణులకు అది ప్రమాదకరం. ఆయా కూడా గర్భిణి కావచ్చు.

తూర్పు సింగ్‌భూమ్‌లో జ్వరాన్ని మామూలు జ్వరమని తేల్చేయడానికి వీల్లేదు. ఇది మలేరియా బెడద ఉన్న జిల్లా. రక్తపరీక్ష సదుపాయం పర్సుడీహ్‌లోని ఖాస్‌మహల్ సదర్ ఆసుపత్రిలో ఉంది. జార్ఖండ్‌లో సహియా అని పిలిచే ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపుతారు. బిడ్డ పాలు, నీళ్లు తాగలేకపోయినా, తిన్నదంతా కక్కుతున్నా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఫోన్లలో వాదులాడుకునే సమయం కాదు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు నెలలలోపు శిశువుకు ఏ జ్వరం వచ్చినా ఇదే మాట వర్తిస్తుంది. తల్లి రాలేకపోతే ఎవరు తీసుకెళ్లాలన్నది చేర్చుకున్న రోజే తేల్చుకోవలసిన విషయం.

ఇక డబ్బు. బిడ్డ వారం రోజులు రాకపోతే నెల రుసుములో కోత కోరతారు తల్లిదండ్రులు. ఆయాకు మాత్రం ఆ వారం కూడా ఇంటి అద్దె కట్టాల్సిందే, ఆ బిడ్డ చోటు మరొకరికి ఇవ్వడానికీ లేదు. రుసుము చోటుకు కడుతున్నదా, హాజరైన రోజుకు కడుతున్నదా అన్నది ముందే చెప్పుకుంటే ఈ వాదన చాలావరకు పుట్టదు. ఆయాయే జబ్బుపడి మూసిన రోజులకు రుసుము తీసుకోకపోవడం దానికి తగిన ప్రతిగా ఉంటుంది.

ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ తప్పనిసరి చేసింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. కేంద్రం అమలుచేస్తున్న పాల్నా పథకం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలతో కలిపి క్రెష్‌లు నడుస్తున్నాయి. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు చోటు చూపుతాయి. జబ్బుపడిన రోజున బిడ్డ పక్కన ఎవరుండాలి, ఆ రోజు కూలి ఎవరిస్తారు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. స్వీడన్ దానికి నేరుగా జవాబిచ్చింది. అక్కడ ఒక్కో బిడ్డకు ఏడాదికి 120 రోజుల వరకు, జీతంలో దాదాపు 80 శాతం ప్రభుత్వ బీమా తల్లికో తండ్రికో చెల్లిస్తుంది.

మన దేశంలో రైల్వే సహా కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. బిడ్డ అనారోగ్యానికి దాన్ని వాడుకోవచ్చు. అదే రైల్వే ప్రాంగణంలో కాంట్రాక్టరు కింద ఊడ్చే మహిళకు ఆ సెలవు వర్తించదు. బిడ్డకు ఒళ్లు వెచ్చబడిన రోజున ఆమె ముందున్నవి రెండే దారులు: కూలి వదులుకోవడం, లేదా సిరప్ పోసి ఆయా తలుపు తట్టడం.