భుజం తిరిగిన వైపే పరుగు

డాగ్ ఎజిలిటీ పోటీ మొదలవబోయే ముందు మైదానంలో ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. పక్కన కుక్కలేవీ లేకుండా మనుషులు హర్డిళ్ల మధ్య పరుగెత్తుతుంటారు. ఉన్నట్టుండి ఆగుతారు, గాలిలోకి చెయ్యి చాస్తారు, భుజం తిప్పుతారు, నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ అదే మలుపు తిరుగుతారు. ఆ సమయానికి కుక్కలు బయట నీడలో ఉంటాయి. వాటికి ఆ దారి ముందుగా చూపించడానికి వీల్లేదు. అడ్డంకుల వరుసను జడ్జి ఆ పోటీ కోసమే కొత్తగా పేర్చి ఉంటారు. మనిషికి నడిచి చూసుకోవడానికి కొద్ది నిమిషాలు ఇస్తారు. కుక్క మాత్రం ఆ దారిని మొదటిసారి పరుగులోనే చూస్తుంది. ఆట కీలకమంతా ఈ ఏర్పాటులోనే ఉంది. దూకేది కుక్కే, సొరంగంలో దూరేది కుక్కే, కానీ ఎటు వెళ్లాలో తెలిసింది మనిషికి. ఆ సంగతిని కుక్కను తాకకుండా, మెడకు తాడు లేకుండా, చేతిలో బిస్కట్ ముక్కైనా లేకుండా, తనకన్నా వేగంగా పరుగెత్తే ప్రాణికి చెప్పాలి. అందుకే ఈ ఆటను కుక్క చురుకుదనానికి పెట్టిన పోటీ అనుకుంటే సగమే అర్థమైనట్టు. మనిషి తన ఒంటితో తేటగా మాట్లాడటం నేర్చుకునే విద్యగా చూస్తేనే దీని విలువ, దీని ప్రమాదాలు, దీన్ని ఎవరు ఆడవచ్చన్న ప్రశ్న, మూడూ సరిగా తెలుస్తాయి.

ఈ ఆట పుట్టుక చాలా మామూలుగా జరిగింది. 1978లో లండన్‌లోని ఒలింపియా హాలులో క్రఫ్ట్స్ శునక ప్రదర్శన జరుగుతున్నప్పుడు, రెండు ప్రధాన కార్యక్రమాల మధ్య ఖాళీలో ప్రేక్షకులకు కాస్త వినోదం ఉండాలని నిర్వాహక సంఘ సభ్యుడు జాన్ వార్లీ అనుకున్నారు. కుక్కల శిక్షకుడు పీటర్ మీన్‌వెల్‌తో కలిసి, గుర్రాల షో జంపింగ్ నమూనాలో ఒక వరుస తయారుచేశారు. జనానికి అది ఎంత నచ్చిందంటే రెండేళ్లకే, 1980లో, బ్రిటన్ కెనల్ క్లబ్ దానికి నియమాలు రాసి గుర్తింపునిచ్చింది. అమెరికన్ కెనల్ క్లబ్ 1994లో పోటీలు మొదలుపెట్టింది. 1996లో స్విట్జర్లాండ్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. గుర్రాల షో జంపింగ్ నుంచి అరువు తెచ్చుకున్న ఆటే అయినా ఒక్క విషయంలో ఇది దానికి పూర్తిగా ఎదురు. రౌతుకు కళ్లెం ఉంది, గుర్రం పక్కలను నొక్కే మోకాళ్లున్నాయి, ఒంటి బరువును ఇటు నుంచి అటు మార్చే వీలుంది. ఎజిలిటీలో ఇవేవీ లేవు. మనిషికీ కుక్కకూ మధ్య ఎప్పుడూ కొన్ని గజాల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని దాటగలిగేవి చూపు, గొంతు మాత్రమే.

ఈ రెండింటిలో కుక్క దేనికి ఎక్కువ విలువనిస్తుందన్న ప్రశ్నకు ఈ పాతికేళ్లలో చాలా ఓపికగా సమాధానం వెతికారు. 2002లో బ్రయన్ హేర్, మైఖేల్ టొమాసెల్లో, వారి సహచరులు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన అందులో మైలురాయి. దాచిన తిండి ఎక్కడుందో మనిషి వేలితోనో చూపుతోనో సూచిస్తే, ఆ సూచనను అందుకోవడంలో కుక్కలు చింపాంజీలనూ తోడేళ్లనూ మించిపోయాయి. మనుషులతో పెద్దగా మెలగని కుక్కపిల్లలు కూడా ఆ పని చేయగలిగాయి. 2021లో ఎమిలీ బ్రే బృందం ఎనిమిది వారాల వయసున్న 375 పిల్లలను పరీక్షించింది. సూచనను అందుకోవడంలో పిల్లకూ పిల్లకూ ఉన్న తేడాలో 40 శాతానికి పైగా వారసత్వం వల్లే వస్తోందని తేలింది. హంగరీలో ఆడం మిక్లోషీ బృందం ఇంకో కోణం చూపించింది. తెరవలేని డబ్బా ఎదురైనప్పుడు, మనుషుల చేతుల్లో పెరిగిన తోడేలు కూడా దానితోనే కుస్తీ పడుతుంది. కుక్క మాత్రం కాసేపు ప్రయత్నించి, వెనక్కి తిరిగి మనిషి ముఖంలోకి చూస్తుంది. ఆ వెనక్కి చూసే అలవాటే లేకపోతే ఎజిలిటీ అనే ఆటే ఉండేది కాదు.

మాటకూ సైగకూ పొత్తు కుదరనప్పుడు ఏమవుతుంది? ఇటలీలోని నేపుల్స్ విశ్వవిద్యాలయంలో బియాజియో దానియెల్లో బృందం, నీటిలో మునిగేవారిని కాపాడేందుకు తర్ఫీదు పొందిన కుక్కలకు నోటితో ఒక ఆజ్ఞ, చేతితో వేరొక ఆజ్ఞ ఒకేసారి ఇచ్చి చూసింది. అవి ఎక్కువగా చేతినే నమ్మాయి. అలాగని మాటకు విలువ లేదనలేం. బుడాపెస్ట్‌లో ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్చుకున్న కుక్కల మెదళ్లను ఆటిలా ఆండిచ్ బృందం 2016లో పరిశీలించింది. మెచ్చుకోలు మాట, మెచ్చుకోలు గొంతు రెండూ కలిసి వచ్చినప్పుడే ఆనందానికి సంబంధించిన భాగాలు బాగా స్పందించాయి. కుక్క మనల్ని ముక్కలు ముక్కలుగా వినదు. ఒళ్లు, గొంతు, మాట ఒకే సంగతి చెబుతున్నాయా అని చూసుకుంటుంది.

ఈ జ్ఞానం మైదానంలో ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చూడాలి. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య సాధారణంగా 5 నుంచి 7 మీటర్ల దూరం ఉంటుంది. మంచి కుక్క సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంది. అంటే తర్వాత ఎటు అన్నది చెప్పడానికి మనిషికి దొరికే వ్యవధి సెకను, మహా అయితే ఇంకొంచెం. అందులోనూ ఒక కిటుకుంది. కాళ్లు నేల వదిలాక కుక్క తన దిశ మార్చుకోలేదు. గాలిలో ఉన్నప్పుడు అందిన సూచన దిగాకే పనికొస్తుంది, అప్పటికి అది రెండు గంతులు తప్పు దారిలో వేసేసి ఉంటుంది. కాబట్టి మలుపు సంగతి దూకక ముందే చెప్పాలి. కంటితో చూసి స్పందించడానికి మనిషికి సెకనులో అయిదో వంతు పడుతుందనుకుంటే, ఆ లోపలే కుక్క ఒక మీటరు ముందుకు వెళ్లిపోతుంది. అందుకే అనుభవమున్న హ్యాండ్లర్లు, అంటే కుక్కను నడిపించే మనుషులు, చేతి కన్నా పాదాల మీద, భుజాల మీద ఎక్కువ దృష్టి పెడతారు. మనిషి వేగం తగ్గిస్తే కుక్క దాన్ని 'మలుపు దగ్గరపడింది' అని చదువుకుంటుంది. భుజాలు ఎటు తిరిగితే దారి అటే. నోరు 'కుడికి' అంటూ ఉండగా పాదాలు ఎడమకు చూపుతుంటే కుక్క ఎడమకే పోతుంది, మనిషేమో మాట వినలేదని దాన్ని నిందిస్తాడు. తప్పు దారి పట్టిన పరుగును వీడియోలో నిదానంగా తిప్పి చూస్తే, చాలాసార్లు కుక్క పోయిన దిక్కునే మనిషి భుజమూ చూపుతూ ఉంటుంది.

అన్ని అడ్డంకులూ ఒకే రకమైన తెలివిని అడగవు. దూకడం, సొరంగంలో దూరడం చాలా కుక్కలకు సులువే. 60 సెంటీమీటర్ల ఎడంతో నాటిన 12 కర్రల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోవడం ఏ జంతువూ తనంతట తాను చేసే పని కాదు. పైగా మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం పక్కనే ఉండాలి, ఎటువైపు నుంచి వచ్చినా సరే. దీన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ బహుమతి ఇస్తూ నేర్పితేనే వస్తుంది. తూగుడు బల్ల ఇంకో తరహా పరీక్ష. పైకెక్కిన కుక్క, బల్ల అవతలి కొస నేలను తాకేదాకా ఆగాలి. కాళ్ల కింద నేల కదులుతుంటే పారిపోవాలనిపించే సహజమైన భయాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఏటవాలు బల్లల చివర్లలో రంగు వేసిన భాగాన్ని పాదం తప్పక తాకాలి. అక్కడ సాధారణంగా పసుపు వాడటం మంచి ఎంపిక. కుక్క కంటిలో రంగును పట్టే కణాలు రెండే రకాలు, దానికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. కుక్క మనిషిని అంతగా చదివేస్తుందంటే మనిషిలోని ఆదుర్దాను, అక్కసును కూడా చదువుతుంది కదా? పోటీ దానికి మేలు కన్నా కీడే చేయవచ్చు కదా? ఈ ప్రశ్న న్యాయమైనది, ఆధారాలు కూడా దీనికి బలమిస్తున్నాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో అమాండా జోన్స్, రాబర్ట్ జోసెఫ్స్ 2006లో ఎజిలిటీ పోటీల్లోనే లాలాజల నమూనాలు తీసి చూశారు. ఓడిన జట్లలో మగ హ్యాండ్లర్ల టెస్టోస్టెరాన్‌లో వచ్చిన మార్పుకూ వారి కుక్కల ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌లో వచ్చిన మార్పుకూ సంబంధం కనిపించింది. ఆ రెండు మార్పులనూ కలిపింది మనుషుల ప్రవర్తన: ఓటమి తర్వాత కుక్కను దగ్గరికి తీసుకున్నారా, కసురుకున్నారా అన్నది. 2019లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ పరిశోధకులు 58 కుక్కల వెంట్రుకల్లోనూ వాటి యజమానుల వెంట్రుకల్లోనూ కార్టిసాల్ కొలిచారు. నెలల తరబడి పేరుకున్న ఒత్తిడి రెంటిలోనూ జతగా పెరుగుతూ తగ్గుతూ ఉందని, పోటీలకు వెళ్లే కుక్కల్లో ఆ జత మరింత బిగువుగా ఉందని తేలింది. కుక్క స్వభావం కన్నా యజమాని స్వభావమే దాని ఒత్తిడి మీద ఎక్కువ ప్రభావం చూపింది. నా దృష్టిలో ఇది ఆటను మానేయమనే సాక్ష్యం కాదు. ఆటలో సరిదిద్దవలసింది ఎవరినో చూపే సాక్ష్యం. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం కూడా దీనికే తోడ్పడుతుంది. బెదిరించి, తాడు గుంజి నేర్పే బడుల్లోని కుక్కలు శిక్షణలో ఎక్కువ ఒత్తిడి సంకేతాలు చూపాయి, శిక్షణ తర్వాత వాటి కార్టిసాల్ పెరిగింది. బహుమతితో నేర్పిన చోట అలా జరగలేదు.

సర్కస్ పులితో పోల్చేవారూ ఉన్నారు. మనిషి సరదా కోసం జంతువును గెంతించడమేగా అని. సర్కస్‌లో బోను ఉంది, కొరడా ఉంది, పారిపోయే దారి లేదు. ఎజిలిటీ వరుసలో కుక్కను పట్టి ఉంచేది ఏదీ లేదు. ఇష్టం లేని కుక్క పక్కకు పోయి గడ్డి వాసన చూస్తుంది, ఆవలిస్తుంది, పెదవులు నాకుతుంది, గేటు వైపు నడుస్తుంది. అవన్నీ కుక్క చెప్పే 'వద్దు' మాటలే. వాటిని వినిపించుకునేంత వరకే ఈ పోలిక తప్పు. పతకం కోసం వాటిని పెడచెవిన పెట్టే రోజున ఆ విమర్శకులదే ఒప్పవుతుంది.

గాయాల విషయంలో మాత్రం ఎజిలిటీ ప్రేమికులు మొహమాటం లేకుండా లెక్కలు చూసుకోవాలి. 2013లో వెలువడిన ఒక అంతర్జాతీయ సర్వేలో 3,801 కుక్కల వివరాలు సేకరిస్తే, వాటిలో దాదాపు 32 శాతానికి ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగిలింది. భుజం, వెన్ను, కాలివేళ్లు ముఖ్యంగా దెబ్బతిన్నాయి. దానికి కారణం భౌతికశాస్త్రంలో దొరుకుతుంది. నిలబడ్డప్పుడే కుక్క బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీద ఉంటుంది. హర్డిల్ దాటి దిగేటప్పుడు ఆ కాళ్ల మీద పడే బలం ఒంటి బరువుకు నాలుగు రెట్లు మించిపోగలదు. ఎముకల చివర్లలోని పెరుగుదల పలకలు ఇంకా గట్టిపడని పిల్లకు ఇది మంచిది కాదు. ప్రపంచ శునక సమాఖ్య పోటీలకు 18 నెలల కనీస వయసు పెట్టడం అందుకే. అదే సర్వేలో ఒక ఆలోచింపజేసే అంశం ఉంది. అయిదేళ్లూ ఆపైన అనుభవమున్న హ్యాండ్లర్ల దగ్గర గాయం ముప్పు తక్కువగా కనిపించింది. ఆలస్యంగా అందిన సూచన కుక్కను దిగీ దిగగానే మెలితిప్పుతుంది, ఆ మెలికే భుజానికి చేటు. సకాలంలో చెప్పిన మలుపుకు అది దూకే ముందే ఒళ్లు సర్దుకుంటుంది. మనిషి మాట తేటపడటం ఇక్కడ మర్యాద విషయం మాత్రమే కాదు, కుక్క కీలుకు రక్షణ కూడా.

ఇదంతా బోర్డర్ కోలీలకే గానీ మామూలు కుక్కలకు కాదన్నది మిగిలిన అభ్యంతరం. గొర్రెల మందలు కాయడానికి తరాల తరబడి పెంచిన ఆ జాతి పెద్ద ఎత్తుల విభాగంలో ముందుంటుంది, నిజమే. అయితే పోటీలు కుక్క ఎత్తును బట్టి విభాగాలుగా జరుగుతాయి. 2024లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ ఎజిలిటీ పోటీలో గెలిచిన నింబుల్ అనే కుక్క బోర్డర్ కోలీకీ చిన్నపాటి పాపియాన్‌కూ పుట్టిన సంకర కుక్క. ఆ బిరుదు ఒక సంకర కుక్కకు దక్కడం అదే మొదటిసారి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెరిగే ల్యాబ్రడార్‌కూ, వీధి నుంచి ఇంటికొచ్చిన దేశవాళీ కుక్కకూ ఈ వార్త వర్తిస్తుంది. మన ఎండలతోనే అసలు జాగ్రత్త. కుక్క అరికాళ్లలో తప్ప దాదాపు ఎక్కడా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీది తేమను ఆవిరి చేసుకునే చల్లబడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఆ ఆవిరి కూడా సరిగా జరగదు. కాబట్టి తెల్లవారుజామున, మట్టి మీదనో గడ్డి మీదనో, కొద్ది నిమిషాలు చాలు. ముక్కు చట్టిగా ఉండే పగ్ లాంటి వాటిని పరుగుకు దూరంగానే ఉంచాలి.

దేశవాళీ కుక్కల గురించి కోల్‌కతాలోని ఐసర్ విజ్ఞాన సంస్థలో అనిందితా భద్రా బృందం చేసిన పని మనకు మరీ దగ్గరిది. ఎవరి దగ్గరా శిక్షణ పొందని 160 వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాన్ని వేలితో చూపించారు. ధైర్యం చేసి దగ్గరికొచ్చిన వాటిలో సుమారు 80 శాతం చూపించిన గిన్నె వైపే వెళ్లాయి. కానీ దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. వాటికి సైగ తెలియక కాదు, మనిషి చేతి మీద నమ్మకం లేకే కావచ్చు. అలాంటి కుక్కను తెచ్చి సాకుతున్న ఇంట్లో ఎజిలిటీ మొదటి పాఠం హర్డిల్ కాబోదు. తెరిచిన అరచేతికి తనంతట తాను వచ్చి ముక్కు ఆనించడం, ఆ వెంటనే ఒక చిన్న తినుబండారం అందడం, అంతే. దానికి వారాలు పట్టవచ్చు. అది కుదిరాక నేల మీద పడుకోబెట్టిన కర్ర ఒకటి, రెండు కుర్చీల మీదుగా దుప్పటి పరిచి చేసిన పొట్టి సొరంగం ఒకటి, వాటి పక్కన నిదానంగా నడుస్తూ తన పాదాలు ఎటు తిరుగుతున్నాయో గమనించుకునే మనిషి ఒకరు ఉంటే చాలు.