వాటా వేరు, డిపాజిట్టు వేరు

సంఘములో 100 రూపాయలు కట్టి, ఏటేట వడ్డీ రాలేదని చింతించు రైతులు కలరు. వారు కట్టినది డిపాజిట్టు కాదు, వాటాధనము. డిపాజిట్టు సంఘమునకిచ్చిన యప్పు. లాభము లేని యేడును దానికి వడ్డీ చెల్లింపవలసినదే. వాటాదారుడన్ననో సంఘమునకు యజమానులలో నొకడు. అతనికి లభించునది డివిడెండు; అనగా ఖర్చులును వడ్డీలును పోగా మిగిలిన నికరలాభములో భాగము. అదియు రిజర్వు నిధికి తీసిన పిమ్మటనే. 1912 నాటి సహకార చట్టము అందులకు నాలుగవ వంతైనను తీయవలెనని విధించెను. నష్టము వచ్చినచో మొదట రిజర్వు నిధియు, పిదప వాటాధనమును తరుగును.

కంపెనీలో వాటాల కొలది వోట్లు. సహకార సంఘమున వాటాలెన్నియున్నను మనిషికొక్కటే వోటు. కావున సోదరులారా! మహాసభకు వచ్చి, ఆస్తి అప్పుల పట్టీ చదివించుకొని, వసూలు కాని బాకీలెంత యని యడుగుడు. మీ వాటాను హరించునవి ఆ బాకీలే.