సోయాచేనికి రక్షకు లెవరు?

1935వ సంవత్సరమున మహాత్ముడు వార్ధాలోని మగన్‌వాడి భోజనమున సోయాచిక్కుడును పరీక్షింపజేసి, దానినిగూర్చి ‘హరిజన్’ పత్రికలో వ్రాసెను. చౌకగా బలము నొసగు గింజ పేదవానికి లభింపవలెనని ఆయన యాశ. నేడా గింజ వార్ధా పరిసరములందును, మాళవమునందును, మన ఆదిలాబాదు నల్లరేగళ్లయందును వానకారు సస్యమై వర్ధిల్లుచున్నది. కాని పేదవానికి బలము నీయవలసిన పైరే, పెక్కుచోట్ల అతనిని పురుగుమందుల అంగడికి ఋణగ్రస్తుని జేయుచున్నది. ఇది విధిలిఖితము కాదు. మార్చుకొనదగిన అలవాటు.

రైతు మొదట చూచునది ఆకుమీది రంధ్రము. చూచినంతనే భయపడి అంగడికి పరుగిడును. అచ్చట వైద్యుడును వర్తకుడును ఒక్కడే. సీసా నమ్ముటయే అతని వృత్తి. కాని పూతకు పూర్వము ఆకులలో నూటికి 30 పాళ్లవరకు పురుగుపాలైనను సోయామొక్క తిరిగి చిగిర్చి దిగుబడిని నిలుపుకొనగలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పూతకు వచ్చి కాయపట్టు దశలో మాత్రము అంత నష్టమును సహింపజాలదు. ఈ తారతమ్యము నెరుగక చల్లిన విషము శత్రువులతోపాటు మిత్రులనుగూడ జంపును. సాలీళ్లు, అక్షింతల పురుగులు, గ్రుడ్లను నాశనముచేయు పరాన్నజీవులు నశించినపిదప మిగిలిన పురుగునకు అడ్డెవ్వరు? కావలివానిని గొట్టి దొంగను బట్టబూనుట యనగా నిదియే.

చేనిలోనే యున్న ఉపాయములను చూతము. పొగాకు లద్దెపురుగు తల్లి ఆకు అడుగున గుంపుగా గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు కొలదిదినములు ఒక్క ఆకుమీదనే చేరి పచ్చదనమును గీకి తినుటచే, ఆకు తెల్లని జల్లెడవలె గానవచ్చును. ఆ యొక్క ఆకును త్రుంచి నాశనము చేసినచో వందలకొలది పురుగులు ఒక్కమారే నశించును. ఈ పురుగునకు ఆముదపుటాకు మిక్కిలి ప్రియము గావున గట్లవెంబడి ఆముదము నాటినచో తల్లిపురుగు లచ్చటనే గ్రుడ్లు పెట్టును. వానిని ఏరివేయుట సులభము. ఎకరమునకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు నిలిపినచో పురుగు రాక ముందుగా తెలియును. ఇరువది పంగలకొయ్యలు పాతినచో పక్షులు వ్రాలి పురుగులను దినును. మబ్బుపట్టి తేమ నిలిచిన దినములలో ఒక జాతి బూజు ఈ పురుగుల కంటుకొని, వాని దేహములను బిగియించి, తెల్లగాను పిదప లేతాకుపచ్చగాను మార్చి చంపును. అట్టివేళ కూలియడుగక పనిచేయు ఆ బూజునకు అడ్డురాకుండుటయే రైతు చేయదగిన పని.

కాండమును తొలుచు పెంకుపురుగు కాండముమీదనో ఆకుకాడమీదనో కంకణములవలె రెండు చుట్లు కొరికి, నడుమ గ్రుడ్డు పెట్టును. పై భాగము వాడిపోవును. పిల్లపురుగు క్రిందికి తొలుచుకొనిపోవును. వాడిన తోడనే క్రింది చుట్టునకు దిగువగా త్రుంచి పాతిపెట్టినచో దాని వంశ మచ్చటనే యంతరించును.

తెగుళ్లకు చికిత్స విత్తనమునుండియే ఆరంభము కావలెను. ట్రైకోడెర్మా యను మేలుచేయు శిలీంధ్రమును కిలో విత్తనమునకు 10 గ్రాములు పట్టించినచో మొలక కుళ్లుట తగ్గును. పల్లాకు తెగులు తెల్లదోమవలన వ్యాపించును. తగిలిన మొక్కకు మందు లేదు. తొలిమొక్కను పెరికివేయుట, పసుపురంగు జిగురట్టలతో దోమను బట్టుట, తెగులును దట్టుకొను వంగడము నెన్నుకొనుట, ఇవియే మార్గములు. అవసరమైనప్పుడు 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడి చొప్పున రాత్రి నానబెట్టి, వడగట్టి, సాయంకాలమున చల్లవలెను. ఈ కషాయము పురుగును తత్‌క్షణము చంపదు. దాని ఆకలిని, ఎదుగుదలను అరికట్టును. ఓపికలేనివానికి ఇది వ్యర్థముగా దోచును.

సర్ ఆల్బర్ట్ హోవార్డు 1924లో ఇండోరున సస్యపరిశోధనాలయమును నెలకొల్పి, చీడలను శత్రువులుగా గాక సాగులోని లోపమును జూపు గురువులుగా భావించెను. 1987లో సోయాచిక్కుడు జాతీయ పరిశోధనాకేంద్రము వెలసినది కూడ ఆ ఇండోరునందే. గురువును చంపినంతమాత్రమున పాఠము తప్పునా? వేసవి దుక్కి, పంటమార్పిడి, సోయావరుసలనడుమ కంది, పసుల యెరువు, ఇవి ఆ పాఠములోని తొలి అక్షరములు.

అయినను ఒంటరి రైతుకు ఇది సులభసాధ్యము కాదు. పురుగునకు సరిహద్దురాళ్లు తెలియవు. ఊరంతయు ఏకముగా పూనుకొనవలెను. కల్తీలేని జీవసంబంధమగు మందులను సకాలమున అందించుట, చేనికి వచ్చి పురుగును గుర్తింప నేర్పు ఉద్యోగిని నియమించుట ప్రభుత్వ ధర్మము. అంగడివాని మాటయే శాస్త్రమైనంతకాలము రైతు తన పొలములోనే పరాధీనుడు. సోదర కర్షకులారా! సీసా మూత విప్పుటకు ముందు ఆకును త్రిప్పి చూడుడు. అచ్చట ఎవరు తినుచున్నారో, ఎవరు కాచుచున్నారో తెలిసికొనుడు. పొలమున స్వరాజ్యమునకు అదియే తొలిమెట్టు.